పక్క ఎకరంతో పోల్చితే చాలదు
పురుగుమందు పనిచేస్తుందో లేదో ఎలా తేల్చాలన్న వ్యాసం చదివాను. మందు కొట్టిన ఎకరాన్ని, కొట్టని ఎకరాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే నిజం తేలిపోతుందన్న వ్యాసకర్త మాటతో సగమే ఏకీభవిస్తాను. పోల్చడానికి మందు పడని చేను ఉండాల్సిందే, కానీ ఒక ఎకరానికి ఒక ఎకరం చాలదు. మాది గుంటూరు దగ్గర మిర్చి సాగు. ఒకే చేలో కాలువ వైపు చెట్లు ఏపుగా ఉంటాయి, గట్టు వైపువి గిడసబారి ఉంటాయి. రేపు తేడా కనిపిస్తే అది మందుదో నేలదో ఎవరు చెప్పాలి? అందుకే 1920ల్లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ చేనును ఒకే తీరు నేల ఉన్న బ్లాకులుగా విడగొట్టి, ఏ మడికి ఏ మందో లాటరీ తీసినట్టు తేల్చాలని, ఒక్కో మందును చాలా మళ్లలో వేసి చూడాలని చెప్పాడు. మా గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధనా కేంద్రం లాం ఫారంలో చిన్న చిన్న మళ్లు కట్టేది సరదాకి కాదు. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి పూతను నాశనం చేసినప్పుడు మా వైపు మందులు అమ్మేవాళ్లు చూపించిన చేలన్నీ రోడ్డు పక్కనే, మంచి నేలలోనే ఉండేవి మరి! ఇంకో సంగతి వ్యాసంలో రాలేదు. మందు వేయని మడికి కూడా ఉత్త నీళ్లు కొట్టాలి, ఎందుకంటే ఆ నీటి దెబ్బకే కొన్ని పురుగులు రాలిపోతాయి. పువ్వును తెల్ల కాగితం మీద దులిపి పురుగులు లెక్కపెట్టే మనిషికి అది ఏ మడిదో తెలియకూడదు. తెలిస్తే, మందు కొట్టిన చోట కళ్లకు తక్కువే కనిపిస్తాయి. పైగా ఒకే మడిలో యాభై చెట్లు చూసి యాభై ఫలితాలు అనుకోవడం కుదరదు, అది ఒక మడి ఫలితమే.