మోటన్ హైస్కూల్ గురించి ఒక్క మాట

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని ఫార్మ్‌విల్‌లో నల్లజాతి పిల్లల మోటన్ హైస్కూల్ మ్యూజియం అయిందని మీరు రాశారు, సంతోషం. కానీ తారు కాగితం పాకల ఊసే లేదేం? 1939లో 180 మంది కోసం కట్టిన బడిలో 450 మందికి పైగా చేరితే, కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్లు కొత్త భవనం కట్టకుండా ఆవరణలో వేసిన పాకలవి. వానొస్తే కారేవి. 1951 ఏప్రిల్ 23న ఆ బడిలోనే చదివే 16 ఏళ్ల బార్బరా జాన్స్ తోటి విద్యార్థులతో సమ్మె చేయించింది వీటివల్లే. అడిగింది మంచి బడి. ఆ సమ్మె నుంచి పుట్టిన కేసు మాత్రం, నల్ల, తెల్ల పిల్లలకు వేరువేరు ప్రభుత్వ బడులు చెల్లవన్న 1954 అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పు దాకా వెళ్లింది!

తర్వాతి కథ ఇంకా ఘోరం. ఆ తీర్పు ప్రకారం నల్లపిల్లల్ని తెల్లపిల్లలతో కలిపి కూర్చోబెట్టాల్సి వస్తుందని 1959లో కౌంటీ ప్రభుత్వ బడులన్నీ మూసేశారు. తెల్లవాళ్లకు ప్రైవేటు బడి పెట్టుకున్నారు. నల్లపిల్లల్లో చాలామందికి 1964 దాకా, అంటే అయిదేళ్లు, చదువే లేదు.