జలాంతర్గామి నాన్నలకు రక్షణ కల్పించాలి

ఈ మధ్య మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే ఒక మెసేజ్ తిరుగుతోంది. పిల్లల్ని దగ్గరకు తీసుకోవాలట, ‘లవ్యూ’ అని నోరు తెరిచి చెప్పాలట, పెద్దయ్యాక తలుచుకోడానికి ‘మెమరీస్’ తయారు చేసి ఇవ్వాలట. బాధ్యత గల విశాఖ పౌరుడిగా దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.

మన ఇళ్లలో నాన్న ప్రేమ రక్షణ శాఖ పరిధిలోకి వస్తుంది. నమ్మకపోతే ఆర్కే బీచ్‌కి వెళ్లి చూడండి. అక్కడ ఒడ్డున కూర్చోబెట్టిన కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు పనిచేసింది. ఎక్కడుందో ఒడ్డున ఉన్నవాళ్లకి తెలిసిపోతే అది ఉద్యోగం చెయ్యనట్టే లెక్క. 2001లో రిటైరయ్యాక పైకి లాగి, మరుసటి ఏడాది నుంచి టికెట్టు పెట్టి లోపలంతా చూపిస్తున్నారు. తెలుగు నాన్న సర్వీసు రూల్సు కూడా అచ్చం ఇవే.

మా నాన్న సర్వీసులో ఉన్నంతకాలం సంకేత భాషలోనే మాట్లాడారు. ‘తిన్నావా?’ ‘బండి మెల్లగా నడుపు.’ ‘ఆ చొక్కా ఏట్రా, పీలికలా ఉంది?’ మూడో సంకేతం వచ్చిన వారానికి కొత్త చొక్కా వచ్చేది. సమాచార విభాగం మొత్తం అమ్మ చేతిలో ఉండేది. ‘నాన్న నీ గురించే అడుగుతున్నారు’ అని ఆవిడ చెబితేనే మాకు కబురు అందినట్టు.

2014 అక్టోబర్ 12న విశాఖకి హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను హైదరాబాద్‌లో ఉన్నాను. ఫోన్లు కలవలేదు. ఎలాగో కలిశాక నాన్న ఇచ్చిన నివేదిక ఇది: ‘మామిడి చెట్టు పడిపోయింది. బిల్లు అవుద్ది, పెట్టేయ్.’ సిగ్నల్ కోసం ఆయన రెండు రోజులు మేడ మెట్లు ఎక్కి దిగారని తర్వాత అమ్మ లీక్ చేసింది.

ఇక మెమరీస్ పరిశ్రమ సంగతి. బీచ్‌లో ‘ఐ లవ్ వైజాగ్’ అక్షరాల ముందు ఒక సాయంత్రం నిలబడి చూడండి. (ఊరి మీద ప్రేమ కూడా బోర్డు కట్టి చెప్పుకోవాల్సి వస్తోంది, అది వేరే బాధ.) నాలుగేళ్ల పిల్లని తండ్రి ‘నవ్వు, నవ్వు’ అని బెదిరిస్తుంటాడు. పిల్ల చూపేమో పక్కనున్న మురీ మిక్చర్ బండి మీద. ఫొటో బాగా వచ్చేదాకా మిక్చర్ లేదు.

మా కాలంలో ఫొటో లేదు, మిక్చర్ ఉండేది. నాన్న ఒక్కటే పొట్లం కొనేవారు. అన్నయ్యా నేనూ కొట్టుకుంటూ తినేవాళ్లం. ‘నాకొద్దు, గ్యాస్’ అని ఆయన సముద్రం వైపు తిరిగి కూర్చునేవారు. ఆ గ్యాస్ ముప్పై ఏళ్లు నమ్మాను. మొన్న అదే బీచ్‌లో మనవడితో కలిసి రెండు పొట్లాలు ఖాళీ చేశారు. అడుగున మిగిలిన ఉల్లిపాయ ముక్కల కోసం కాగితాన్ని గరాటులా మడిచి నోట్లోకి వంపుకున్నారు. పైగా బీచ్ రోడ్డు మీద, పట్టపగలు, వాడికి ముద్దు పెట్టి ‘నా బంగారు కొండ’ అన్నారు. రిటైర్డ్ ఉద్యోగి కాబట్టి చర్య తీసుకునే వీల్లేదు.

నేనింకా సర్వీసులోనే ఉన్నాను. అయినా వాట్సాప్ మాట విని నిన్న మావాడికి ‘లవ్యూ రా’ చెప్పాను. ఏడేళ్లవాడు అనుమానంగా చూసి, ‘స్కూల్ నుంచి ఫోన్ వచ్చిందా నాన్నా?’ అన్నాడు. సర్వీసులో ఉండగా పైకి తేలితే జరిగేది ఇదే.

మొన్న బీచ్‌లో మిక్చర్ అయ్యాక ముగ్గురం కురుసురలోకి వెళ్లాం. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి ఇనుప కంతలోంచి వంగి దూరాలి. మనవడు జారుకుంటూ పోయాడు. నేను ఫోన్ చూసుకుంటూ దూరాను. తల ఇనుముకి తగల్లేదు, మెత్తగా ఏదో తగిలింది. ముందే దాటిన నాన్న కంత పైఅంచుకి అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డారు.

‘నలభై ఏళ్లొచ్చాయి, కళ్లెక్కడ పెట్టుకుని నడుస్తావురా?’ అన్నారు చెయ్యి తీసేసి, పెరిస్కోపు వైపు తిరిగి.