దండలు మల్లీశ్వరికి, తాళం మైదానానికి

జాతీయ క్రీడా దినోత్సవం, ఆగస్టు 29 వస్తే చాలు, మన శ్రీకాకుళం జిల్లాలో బడి బడిలో కరణం మల్లీశ్వరి పేరు మార్మోగుతుంది. ఊసవానిపేట అమ్మాయి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయిందని మైకులో చెబుతారు. పిల్లలు చప్పట్లు కొడతారు. మర్నాడు తొమ్మిది, పది తరగతుల ఆటల పీరియడ్‌లో లెక్కల మాస్టారు వచ్చి బోర్డు తుడుస్తారు. ఇదేం ద్వంద్వనీతి?

శ్రీకాకుళం శివారులో ఒక ఉన్నత పాఠశాల స్టోర్‌రూమ్ తలుపు తీయించి చూశాం. గాలి పోయిన రెండు వాలీబాళ్లు, చుట్టచుట్టి తాడుతో కట్టేసిన నెట్, దాని మీద పాత జవాబు పత్రాల కట్టలు. గోడ మీది టైంటేబుల్‌లో మాత్రం ‘ఆటలు’ అని ఎర్ర ఇంకుతో రాసి ఉంది. తనిఖీకి వచ్చేవాళ్లకు ఆ కాగితం చాలు. ఇక అపార్ట్‌మెంట్లలో నడిచే ప్రైవేటు బడుల సంగతి సరేసరి. ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. మేడ మీద సిమెంటు గచ్చును చూపించి గుర్తింపు తెచ్చుకుంటుంటే అడిగే నాథుడు లేడు.

పదో తరగతి మార్కుల టెన్షన్ తల్లిదండ్రులకు ఉండటం సహజమే, కాదనం. కానీ వారానికి రెండు గంటల ఆట ఆపితే వచ్చే ర్యాంకు ఏ పాటిది?

పదకొండు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు వంచి ఆడాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ప్రపంచంలో 80 శాతానికి పైగా పిల్లలకు ఆ పాటి కదలిక లేదని 2019లో అదే సంస్థ పరిశోధకులు తేల్చారు. ఇది ఇవాళ్టితో పోయే నష్టం కాదు. మనిషి ఎముకల గట్టిదనంలో దాదాపు 90 శాతం ఇరవై ఏళ్లలోపే సమకూరుతుంది. గెంతడం, పరుగెత్తడం, బరువులెత్తడం వల్ల ఆ ఎముక బలపడుతుంది. ఆ వయసులో దాచుకోని బలాన్ని నలభైలో మందులతో తెచ్చుకోలేం. గుండె, చక్కెర, నిద్ర, మనసు, అన్నింటికీ పునాది అక్కడే పడుతుంది. ఓడిపోయి మర్నాడు మళ్లీ గ్రౌండ్‌కి రావడం ఏ స్టడీ అవర్‌లో నేర్పుతారు?

అమ్మాయిల విషయంలో ఈ అన్యాయం రెట్టింపు. పెద్దమనిషి అయిందనగానే ఆట మాన్పించేస్తున్నారు. రేపు అరవై దాటాక చిన్న జారుడుకే తుంటి విరిగే ముప్పు ఆడవాళ్లకే ఎక్కువ. విజయనగరం జిల్లా కొండవెలగాడ ఇలా ఆలోచించి ఉంటే వెయిట్‌లిఫ్టర్ మత్స సంతోషికి 2014 గ్లాస్గో కామన్వెల్త్ పతకం వచ్చేదా? ఆ ఊళ్లో ఆడపిల్ల బార్‌బెల్ పట్టుకుంటే ఎవరూ వింతగా చూడరు. మిగతా ఊళ్లకేం అడ్డం?

తెల్లవారుజామున జాతీయ రహదారి పక్కన చూడండి. ఆర్మీ ర్యాలీ కోసం 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేస్తున్న కుర్రాళ్లు కనిపిస్తారు. బడిలో ఐదేళ్లు కూర్చోబెట్టి, పద్దెనిమిదో ఏట ఒక్కసారిగా లారీల పక్కన పరుగెత్తిస్తున్నాం. పిక్కలు పట్టేసి, ముంగాలు నొప్పితో సగంలో కూలబడే వాళ్లెందరో. ఆ పరుగేదో పన్నెండో ఏట, బడి మైదానంలో, వ్యాయామ ఉపాధ్యాయుడి కళ్ల ముందు మొదలుపెట్టించలేమా?

మల్లయోధుడు కోడి రామ్మూర్తి పేరు స్టేడియానికి పెట్టుకున్నాం. క్రికెటర్ విజ్జీ పేరు మైదానానికి పెట్టుకున్నాం. పేర్లు పెట్టడంలో మనకెవరూ సాటిరారు. ఆ పేర్ల కింద పిల్లలేరీ? విద్యాశాఖ అధికారులు చేయాల్సింది కొత్త పథకం కాదు. ఆటల పీరియడ్‌ను ఏ సబ్జెక్టుకూ ఇవ్వరాదని రాతపూర్వకంగా ఆదేశించాలి, చెప్పకుండా వెళ్లి తనిఖీ చేయాలి, తప్పిన ప్రధానోపాధ్యాయుణ్ని, యాజమాన్యాన్ని సంజాయిషీ అడగాలి. అది చేతకాకపోతే వచ్చే ఆగస్టు 29న వేదికెక్కి మల్లీశ్వరి పేరెత్తకండి.