స్కైలర్ ఏం తప్పు చేసింది?

పోయిన శీతాకాలం సెలవులకి కాలేజీ నుంచి ఇంటికొచ్చిన మా అమ్మాయి, "నాన్నా, మీరంతా అప్పట్లో పిచ్చిగా చూసేవాళ్ళే, అది పెట్టండి, నేనూ చూస్తాను" అంది. అడిగింది బ్రేకింగ్ బ్యాడ్ గురించి. 2013లో ఆ సిరీస్ అయిపోయేనాటికి తను చిన్నపిల్ల, ఆదివారం రాత్రి మేం టీవీ ముందు కూర్చుంటే ఆ గదిలోకే రానిచ్చేవాళ్ళం కాదు. ఇప్పుడు పెద్దదయింది కదా అని మొదటి సీజన్ నుంచి పెట్టాను. మొదటి ఎపిసోడ్ సగం కాకుండానే రిమోట్ నా చేతిలోంచి లాక్కుని ఆపేసి, హీరో భార్య స్కైలర్‌ని చూపించి, "ఈవిడ కడుపుతో ఉందా? మీరెవరూ ఎప్పుడూ ఆ మాట అనలేదే!" అంది.

నిజమే, అనలేదు. ఆ రోజుల్లో మా నాలుగు కుటుంబాలు ప్రతి ఆదివారం ఎవరో ఒకరింట్లో చేరి చూసేవాళ్ళం, చూసినంతసేపూ మాట్లాడేవాళ్ళం, సోమవారం ఆఫీసులో కూడా అదే గోల. కెమిస్ట్రీ మేష్టారు వాల్టర్ వైట్ ఎలా తప్పించుకుంటాడు, జెస్సీ బతుకుతాడా, తోడల్లుడైన ఆ డ్రగ్స్ పోలీసు హ్యాంక్‌కి ఎప్పుడు తెలుస్తుంది, అన్నీ మాట్లాడుకున్నాం. వాల్టర్ భార్య స్కైలర్ మాటొస్తే మాత్రం మా దగ్గర ఒకటే మాట ఉండేది: గయ్యాళి. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, అందరికంటే గట్టిగానే అన్నాను. ఆమె నిండు గర్భిణి అన్న సంగతి మా కబుర్లలో ఒక్కసారైనా వచ్చిన గుర్తు లేదు. అందుకే ఇది రాయాలనిపించింది.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు, కథ ముగింపు దాకా చెప్పేస్తున్నాను కాబట్టి చూడాలనుకునేవాళ్ళు చూశాకే చదవండి. న్యూ మెక్సికోలోని అల్బుకర్కీలో 50 ఏళ్ళ స్కూలు టీచర్‌కి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది. తను పోయాక కుటుంబం రోడ్డున పడకూడదని పాత విద్యార్థి జెస్సీతో కలిసి మత్తుమందు తయారుచేయడం మొదలుపెడతాడు. ఈ సిరీస్ 2008 జనవరిలో ఏఎంసీ ఛానెల్లో మొదలైంది, రచయితల సమ్మె వల్ల మొదటి సీజన్ 7 ఎపిసోడ్లకే ఆగింది, మొత్తం ఐదు సీజన్లు, 62 ఎపిసోడ్లు. మొదటి ఎపిసోడ్‌ని అమెరికాలో చూసినవాళ్ళు దాదాపు 14 లక్షలు, చివరిదాన్ని చూసినవాళ్ళు కోటి దాటారు. మధ్యలో నెట్‌ఫ్లిక్స్‌లో పాత సీజన్లు చూసి వచ్చి చేరినవాళ్ళే చాలామంది, మా గుంపులో సగంమంది అలా వచ్చినవాళ్ళే.

మొదటి సీజన్‌లో స్కైలర్ మీద కోపం చిన్నదే. మొగుడికి తెలియకుండా అందరికీ చెప్పి కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది, వైద్యం చేయించుకోమని పోరుతుంది, ఎక్కడికి పోతున్నావని అడుగుతుంది. మనకేమో అతను ఎక్కడికి పోతున్నాడో తెలుసు, ఆ రహస్యంలో మనమూ భాగస్థులం. అతని గుట్టు బయటపడుతుందేమో అన్న టెన్షన్ మనకి, ఆ గుట్టు బయటపెట్టగలిగేది ఆమె ఒక్కతే. కాబట్టి ఆమె ప్రశ్న వేసిన ప్రతిసారీ మనకి చిరాకు. ఇప్పుడు ఆలోచిస్తే మొత్తం విషయం ఇక్కడే ఉంది. మొగుడు రాత్రిళ్ళు మాయమవుతున్నాడు, అడిగితే అబద్ధం. ఈ పరిస్థితి మన అక్కకో చెల్లెలికో వస్తే అడగొద్దని చెప్తామా?

రెండో సీజన్ మొదటి ఎపిసోడ్ నాకు అస్సలు గుర్తు లేదు. మా అమ్మాయి పక్కన కూర్చుని చూడడం కష్టమైంది. స్కైలర్ మొహానికి ఆకుపచ్చటి ఫేస్ ప్యాక్ వేసుకుని వంటింట్లో ఉంటుంది. వాల్టర్ ఒక హత్య కళ్ళారా చూసి వణుకుతూ ఇంటికొచ్చి ఆమె మీద పడతాడు, వద్దంటున్నా వినడు, ఆమె మొహం ఫ్రిజ్ తలుపుకి కొట్టుకుంటుంది. ఆమె అరిచి విదిలించుకుంటుంది. ఆ తలుపు మీద ఆకుపచ్చటి మరక మిగిలిపోతుంది. కడుపుతో ఉన్న మనిషి. ఇది 2009లో కొన్ని లక్షల ఇళ్ళలో కనబడింది, మా ఇంట్లోనూ కనబడింది, ఆ తర్వాత వారం మేం మాట్లాడుకున్నది మాత్రం ఆ హత్య చేసిన గూండా టూకో గురించి. పాపం వాల్టర్ ఎంత భయపడ్డాడో అనుకున్నాం.

మూడో సీజన్‌కి వచ్చేసరికి ద్వేషం ముదిరింది. నిజం తెలిశాక ఆమె విడాకులు కావాలంది, ఇంట్లోంచి పొమ్మంది, అతను మాత్రం పొమ్మన్న ఇంట్లోకే సామాను తెచ్చుకుని దూరాడు. ఆమె పోలీసుల్ని పిలిచింది. ఇద్దరు ఆఫీసర్లు హాల్లో నిలబడి, ఈయన మిమ్మల్ని కొట్టాడా, చట్టం తప్పే పని ఏమన్నా చేశాడా అని అడుగుతారు. ఒక్క మాట చెబితే చాలు, అక్కడితో అయిపోతుంది. పక్కన కొడుకు ఉన్నాడు, తండ్రి అంటే ప్రాణం, అన్నీ తల్లిదే తప్పని నమ్ముతున్నాడు. వాడి తండ్రి ఏం చేస్తున్నాడో వాడి ముందే చెప్పలేక ఆమె నోరు నొక్కుకుంది. ఆ రోజు మా ఇంట్లో మగవాళ్ళందరం హమ్మయ్య అనుకున్నాం. మా ఆవిడ మాత్రం ప్లేట్లు తీస్తూ, "ఆ అమ్మాయి నోరు విప్పి ఉంటే మీ హీరో కథ ఇవాళే అయిపోయేది, అయినా మీకు ఆ అమ్మాయంటేనే పడదు" అంది. ఎవరం జవాబు చెప్పలేదు. ఆ వెంటనే స్కైలర్ తన పై అధికారి టెడ్‌తో సంబంధం పెట్టుకోవడంతో ఇక మాకు పండగే, తిట్టడానికి కావలసిన కారణం చేతికొచ్చింది. అది తప్పే. కానీ అప్పటికే వాల్టర్, జెస్సీ ప్రియురాలు జేన్ తన కళ్ళ ముందు ఊపిరాడక చచ్చిపోతుంటే నిలబడి చూశాడు. దాన్ని క్షమించిన మేమే దీన్ని క్షమించలేకపోయాం.

అసలు నాకు బాగా నాటుకున్నది నాలుగో సీజన్. మూడోది 2010 జూన్‌లో ముగిస్తే నాలుగోది 2011 జూలై దాకా రాలేదు, ఆ ఏడాది పైచిలుకు ఎదురుచూపులో వాల్టర్ మాకు ఇంటిమనిషి అయిపోయాడు. ఒక ఎపిసోడ్‌లో స్కైలర్ మంచం మీద కూర్చుని, నువ్వు నేరస్థుడివి కావు, చేతులు దాటిపోయింది, పోలీసుల దగ్గరికి వెళ్దాం అని బతిమాలుతుంది. దానికి అతను, ప్రమాదం నాకు రాదు, నేనే ప్రమాదం, తలుపు కొట్టేవాణ్ణి నేను అని గర్జిస్తాడు. టీషర్టుల మీద అచ్చేసుకున్న డైలాగ్ అది, మా మిత్రుడొకడు ఆఫీసుకి కూడా వేసుకొచ్చేవాడు. ఆ మాటలు ఎవరితో అన్నాడో మేం పట్టించుకోలేదు. మత్తుమందుల వ్యాపారి గస్ లాంటి రాక్షసుడి ముందు అన్న మాటలు కావవి, పడగ్గదిలో పెళ్ళాం ముందు అన్నవి.

అదే ఎపిసోడ్‌లో, ఆ డైలాగ్ తర్వాత, ఆమె చంటిపిల్లని కారులో వేసుకుని నాలుగు రాష్ట్రాలు కలిసే చోటికి వెళ్తుంది. నేల మీద గీతలు, ఇటు న్యూ మెక్సికో, అటు కొలరాడో, ఆరిజోనా, యూటా. ఒక నాణెం ఎగరేస్తుంది, కొలరాడోలో పడుతుంది. మళ్ళీ ఎగరేస్తుంది, మళ్ళీ కొలరాడోలోనే. పారిపోవచ్చు, విధి కూడా పొమ్మంటోంది. ఆమె కాసేపు చూసి, కాలి బూటుతో ఆ నాణేన్ని న్యూ మెక్సికో వైపుకి జరుపుతుంది. మాట లేదు, పెద్ద సంగీతం లేదు. సిరీస్ మొత్తంలో ఇంత బాగా తీసిన సీన్లు చాలా తక్కువని ఇప్పుడు అంటాను. అప్పుడైతే నేను ఆ సమయంలో లేచి కాఫీ పెట్టుకోవడానికి వెళ్ళి ఉంటాను, ఎందుకంటే చూసిన గుర్తే లేదు.

ఈ ద్వేషం తెరతో ఆగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. 2013 ఆగస్టులో, ఆఖరి ఎపిసోడ్లు వస్తున్న రోజుల్లోనే, స్కైలర్ పాత్ర వేసిన ఆనా గన్ న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశారు. పాత్ర మీద కోపం తన మీదికి ఎలా మళ్ళిందో, తనని చంపాలి ఎక్కడుంటుందో చెప్పమని ఎవరో రాసిన పోస్టు చూసి ఎంత భయపడ్డారో చెప్పుకొచ్చారు. నోరు మూసుకుని కష్టాలు భరించే భార్య అయ్యుంటే ఇంత కోపం వచ్చేది కాదన్నది ఆవిడ వాదనలో ముఖ్యమైన సంగతి. అది చదివినప్పుడు, మనం అంతదాకా పోలేదు కదా అనుకుని పక్కన పెట్టేశాను. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ ఆవిడకి ఎమ్మీ అవార్డు వచ్చింది. అంటే నటనలో లోపం లేదు, బాగా చేశారు కాబట్టే ఆమె వేసే ప్రశ్నలు మనకి అంత ఇబ్బందిగా తగిలాయి.

అందరూ గొప్పగా చెప్పుకునే "ఒజిమాండియాస్" ఎపిసోడ్‌లో ఒక ఫోన్ కాల్ ఉంటుంది. పోలీసులు వింటున్నారని తెలిసి, భార్యకి ఏ పాపం తెలియదని వాళ్ళు నమ్మడానికి వాల్టర్ ఆమెని నోటికొచ్చినట్టు తిడతాడు: సణుగుతావు, అడ్డం పడతావు, ఏనాడూ నా మాట వినలేదు, చేసిందానికి విశ్వాసం లేదు. ఆ తిట్లు ఒక్కొక్కటే వింటుంటే నాకు చెమటలు పట్టాయి, అవి అచ్చం మా ఆదివారం రాత్రుల మాటలు. అతను అక్కడ ఏడుస్తూ, ఆమెని కాపాడడానికి నటిస్తూ అన్నవి, మేం ఇక్కడ మనస్ఫూర్తిగా అన్నవి.

తప్పంతా ప్రేక్షకులదే అనను. కథ మొత్తం వాల్టర్ భుజం మీదుగా చూపించారు, బ్రయన్ క్రాన్‌స్టన్ లాంటి నటుడు కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంటే మనం కరగకుండా ఎలా ఉంటాం. సృష్టికర్త విన్స్ గిల్లిగన్ కూడా ఏళ్ళు గడిచేకొద్దీ వాల్టర్ మీద తనకి జాలి తగ్గిపోతోందని 2022లో ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. 2025లో రచయితల సంఘం సత్కారం అందుకుంటూ, ఇక మంచివాళ్ళ గురించి ఎక్కువ రాద్దామని తోటివాళ్ళని కోరారు. రాసినాయనకే అంత కాలం పట్టింది.

మన వాళ్ళలో కొందరు ఇప్పటికీ నాతో వాదిస్తారు, స్కైలర్ కూడా చివరికి ఆ మత్తుమందు డబ్బుని తాము కొన్న కార్ వాష్ లెక్కల్లో చూపించి తెల్లగా చేసింది కదా, ఆమె మాత్రం సుద్దపూసా అని. సుద్దపూస అని నేను అనడం లేదు. ఐదో సీజన్‌లో, అతని 51వ పుట్టినరోజు రాత్రి, పిల్లల్ని ఈ ఇంట్లోంచి పంపించెయ్యాలని ఆమె ఒక్కో ఉపాయం చెప్తుంటే అతను ఒక్కోదాన్నీ కొట్టిపారేస్తాడు. మరి నువ్వు దేని కోసం చూస్తున్నావని అడిగితే, నీ క్యాన్సర్ తిరిగి రావడం కోసం అంటుంది. 2012లో ఆ మాట విని ఎంత క్రూరురాలో అన్నాం. ఈసారి విన్నప్పుడు, ఇంకే దారీ మిగలని మనిషి నోట్లోంచి వచ్చిన మాటలా వినబడింది.

ఆఖరి ఎపిసోడ్‌లో వాల్టర్ రహస్యంగా ఆమె ఇంటికి వస్తాడు. చిన్న అద్దె ఇల్లు, ఆమె వంటింట్లో సిగరెట్ పట్టుకుని ఉంటుంది. ఇదంతా కుటుంబం కోసమే చేశానని ఇంకొక్కసారి వినలేను అని ఆమె అనబోతుంటే అతను అడ్డుపడి, నా కోసమే చేశాను, నాకు బాగుంది, అందులో నేను ఆరితేరాను అని ఒప్పుకుంటాడు. 2013 సెప్టెంబరులో మా హాల్లో చప్పట్లు కొట్టాం, మగాడంటే అలా ఒప్పుకోవాలి అన్నాం. ఐదేళ్ళ నుంచి ఆమె చెబుతున్నది అదే కదా అని ఎవరికీ తట్టలేదు.

ఈసారి ఆ సీన్ అయిపోగానే మా అమ్మాయి రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పింది. "మళ్ళీ ఎందుకే?" అన్నాను. "ఆ మాట విన్నప్పుడు ఆవిడ మొహం సరిగ్గా చూడలేదు నాన్నా" అంది. ఇద్దరం చూశాం.