కొలను గట్టున శాస్త్రవేత్తలు

ఈతకొలనులో నీళ్లు సున్నం కలిపినట్టు తెల్లబడి, లోతువైపు అడుగున ఉండే డ్రెయిన్ జాలీ కనిపించకుండా పోయిన రోజున, మా నివాస సముదాయంలో అంతవరకు దాగి ఉన్న రసాయన శాస్త్రవేత్తలందరూ ఒక్కసారిగా బయటపడ్డారు. మునిగినవాడు పైనున్నవారికి కనబడడు గనుక, జాలీ కనిపించనంతవరకు ఎవరూ నీళ్లలోకి దిగరాదన్నది నియమం. గట్టున నిలబడి సలహా చెప్పడానికి దిగవలసిన పని లేదు కాబట్టి, ఆ నియమాన్ని అందరూ నిష్ఠగా పాటించారు.

మొదటి అంతస్తు పెద్దాయన వంగి ఒకసారి వాసన చూసి, "క్లోరిన్ మరీ ఎక్కువైందండీ, ఇక వేయకండి" అని తేల్చేశారు. నిజానికి ఆ ఘాటు చెమటతోనూ మూత్రంతోనూ క్లోరిన్ కలిసినప్పుడు పుట్టే క్లోరమైన్లది. అది సాధారణంగా క్లోరిన్ చాలలేదనడానికే గుర్తు. కార్యదర్శి గారు ఈ సంగతి వివరించబోయారు గాని, మూత్రం అన్న మాట దగ్గరే సభ ఆగిపోయి, తల్లిదండ్రులందరూ తమ పిల్లలు అటువంటివారు కారని విడివిడిగా ప్రకటించవలసి వచ్చింది.

ఎండకు క్లోరిన్ నిలవదు గనుక, పొద్దుగుంకాక కాల్షియం హైపోక్లోరైట్ పొడిని దండిగా వేయించారు. ఆ పొడి క్లోరిన్‌తోపాటు, నీటి ఆమ్ల క్షార గుణాలను కొలిచే పీహెచ్‌నూ, కాల్షియాన్నీ కూడా పెంచుతుంది. 7.2కూ 7.8కూ నడుమ ఉండవలసిన పీహెచ్ 8 దాటింది. ఆ స్థితిలో క్లోరిన్ బలం చాలావరకు తగ్గిపోతుంది, కాల్షియం తెల్లటి నలుసులుగా విడిపోతుంది. తెల్లవారేసరికి కొలను ముందటికంటే తెల్లగా ఉంది. "రంగు తిరుగుతోంది, మందు పట్టిందన్నమాట" అని పెద్దాయన సంతోషించారు.

ఆమ్లం పోసి పీహెచ్‌ను దింపారు, అయినా కలక తేరలేదు. ఫిల్టర్ సంగతి అడిగితే, "పంపు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంది సార్" అన్నాడు పంపు చూసే కుర్రవాడు. అందులో అబద్ధమేమీ లేదు.

చివరికి పటిక వేసి, పంపు ఆపి, రాత్రంతా నీటిని కదపకుండా ఉంచారు. నలుసులన్నీ ముద్దలు కట్టి అడుగుకు చేరాయి. ఉదయానికి జాలీ స్పష్టంగా కనిపించి, గట్టున చప్పట్లు మోగాయి. ఆ మడ్డిని తిన్నగా బయటి కాలువలోకి లాగేయాలి, అందుకు నీళ్లు ఎటు పోవాలో తేల్చే వాల్వు పిడిని "వేస్ట్" గుర్తు మీద పెట్టాలి. పిడిని ఎవరూ చూడలేదు. కుర్రవాడు వాక్యూమ్ గొట్టంతో మడ్డిని శ్రద్ధగా ఊడ్చిన కొద్దీ, అది మరో గట్టు నుంచి అంతే శ్రద్ధగా కొలనులోకి తిరిగి వచ్చింది.

అప్పుడుగాని అందరికీ పిడి గుర్తుకు రాలేదు. అది "రీసర్క్యులేట్" మీద ఉంది. అంటే నీళ్లు ఇన్నాళ్లూ ఇసుక ఫిల్టర్‌ను తాకకుండానే పంపులోంచి చక్కగా షికారు చేసి వస్తున్నాయి. ఈ నిజం తేలడానికి మరికొంత ఆలస్యమైంది, ఎందుకంటే పిడి మీది అక్షరాలు చదవడానికి వంగిన కార్యవర్గ సభ్యుల్లో కళ్లజోడు తెచ్చుకున్నవారు ఒక్కరూ లేరు.