లోపలి గదిలో కావలి కాస్తున్న డిజిటల్ ఫిల్టర్ గారికి

అయ్యా,

ఉభయకుశలోపరి. మీరు నా హామ్ రేడియో రిసీవర్‌లో కాపురం పెట్టి, కావలసిన సిగ్నల్ ఉంచి పక్కవాళ్లను ఆపడం మొదలుపెట్టినప్పటి నుంచి చూస్తున్నాను, ఎంత వినయం! 2.4 కిలోహెర్ట్జ్ వెడల్పు అడిగినా, 50 హెర్ట్జ్ అడిగినా కాదనరు. నాబ్ తిప్పితే చాలు, నడుము సన్నబడుతుంది. స్ఫటికపు రాయితో చేసిన ముసలాయన, పాత క్రిస్టల్ ఫిల్టర్‌కు ఆ మర్యాద ఏదీ? 500 హెర్ట్జ్‌కు పుట్టినవాడు 500కే చస్తాడు. వేరే వెడల్పు కావాలంటే వేరే ఫిల్టర్ కొనుక్కోవాలి. మీ గోడలు నిట్టనిలువు. ముసలాయనవి ఏటవాలు, సిగ్నల్‌ను 6 డెసిబెల్స్ తగ్గించే చోట 500 వెడల్పున్న మనిషి, 60 తగ్గించే చోటికి వచ్చేసరికి రెండింతలవుతాడు.

ఇంత ఘనులైన మీరుండగా సీక్యూ వరల్డ్‌వైడ్ సీడబ్ల్యూ అనే మోర్స్ కోడ్ పోటీలో మొదటి రాత్రి నాకెందుకు తెల్లవారింది? 7 మెగాహెర్ట్జ్‌లో ఒక సన్నని గొంతు, అంటే బలహీనమైన సిగ్నల్. దాని కాల్‌సైన్‌లో (స్టేషన్ గుర్తింపు పేరులో) మూడక్షరాలు రాసుకున్నాను. 700 హెర్ట్జ్ అవతల బలమైన సిగ్నల్ ఉన్న ఒక భారీ ఆసామి సీక్యూ (అందరికీ పిలుపు) మొదలుపెట్టాడు. మిమ్మల్ని 100 హెర్ట్జ్‌కు బిగించాను. ఆసామి వినిపించలేదు, ఒప్పుకుంటాను. కానీ అతను కీ నొక్కినప్పుడల్లా నా సన్నని గొంతు మునిగింది, వదలగానే తేలింది. కంటికి కనబడనివాడెవడో పీక నొక్కుతున్నట్టు.

మీ కొలువు, సిగ్నల్‌ను అంకెలుగా మార్చే ఏడీసీ తర్వాతి గదిలో. దానికి ముందున్న వాకిలి, అంటే మొదటి ఫిల్టర్, వెడల్పు 15 కిలోహెర్ట్జ్. ఆసామి దర్జాగా లోపలికొచ్చాడు, అతని ధాటికి ఏడీసీ పొంగిపోకుండా సిగ్నల్ పెంపును తనంతట తానే సర్దే ఏజీసీ ఆ పెంపు మొత్తం దించేసింది, ఆ తర్వాత మీరు అతన్ని గుర్తుపట్టి ఆపారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత మీకోసమే పుట్టిందేమో.

రెండో రాత్రి మూలనున్న పాత రిసీవర్ దుమ్ము దులిపాను. అందులో ముసలాయన, ఫ్రీక్వెన్సీని మార్చే మిక్సర్ దాటగానే, 9 మెగాహెర్ట్జ్ దగ్గర, గడపలోనే కూర్చుంటాడు. అలాంటి ఆసామే పక్కన దిగాడు, నా గొంతు మాత్రం చెక్కుచెదరలేదు.

ముసలాయన్ని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. ఆయన తమ్ముడు, 250 హెర్ట్జ్ వాడు, ప్రతి డాట్ వెనకా చిరుగంట మోగిస్తాడు; వేగంగా పంపేవాళ్ల డాట్ల అంచులు మసకబారతాయి. 50 దగ్గర మీరు మోగించేదీ ఆ గంటే. రాయితో చేసినా లెక్కతో చేసినా సన్నదనానికి ఆ శిక్ష తప్పదు.

ఇక ఆసామి కీ క్లిక్స్ (కీ నొక్కినప్పుడల్లా పక్క ఫ్రీక్వెన్సీలకు చిమ్మే టకటకలు) సరిగ్గా నా ఫ్రీక్వెన్సీ మీదే పడ్డప్పుడు మీరిద్దరూ తలలు దించుకున్నారు. అది అతని ట్రాన్స్‌మిటర్ పాపం, మిమ్మల్ని అనను. చివరికి ఆ కాల్‌సైన్ సగం విని, సగం ఊహించి, 599, అంటే ‘మీరు బాగా వినిపిస్తున్నారు’ అనే రిపోర్టు, ఇచ్చేశాను. పోటీల్లో ఎవరు మాత్రం ఇంకోటి ఇస్తారు?

మీ కొలువుకు ఢోకా లేదు. కాకపోతే మీ వాకిట్లో ముసలాయన బంధువు, మరో 500 హెర్ట్జ్ క్రిస్టల్ ఫిల్టర్‌కు ఒక పీట వేయిస్తున్నాను. కాస్త సర్దుకోండి.

ఇట్లు,
సగం కాల్‌సైన్‌తో లాగ్ నింపిన ఆపరేటర్