అర్థమయ్యాక కూడా కాలు ఆగలేదు

నా ఫోన్‌లో ‘జిమ్’ అని ఒక ప్లేలిస్ట్ ఉంది. ముప్ఫై పాటలుంటే పదకొండు పంజాబీ ర్యాపర్ హనీ సింగ్‌వి. ఆ పదకొండింటిలో ఒక్కదాని అర్థం కూడా నాకు పూర్తిగా తెలియదు. తెలియదు అనడమూ అబద్ధమే. తెలుసుకోలేదు. పదమూడు, పద్నాలుగేళ్లుగా తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డా.

ఇప్పుడీ గొడవ ఎందుకంటే, పోయిన వారం ఆఫీసు క్యాంటీన్‌లో యో యో హనీ సింగ్ మీద పెద్ద పంచాయితీ నడిచింది. ఒకడు లెజెండ్ అంటాడు. ఇంకొకడు ఒక తరాన్ని చెడగొట్టాడు అంటాడు. ఇద్దరూ మనోళ్లే, ఇద్దరికీ పంజాబీ ముక్క రాదు. మధ్యలో నేను ఇడ్లీ తింటూ ఏమీ మాట్లాడలేదు. ఇక్కడ మాట్లాడతా.

2011లో నేను వరంగల్ ఎన్‌ఐటీలో చేరా. పక్క రూమ్ కుర్రాడిది జలంధర్. తలపాగా లేకపోయినా వాడికి పాజీ అని పేరు పెట్టాం. ఆ నవంబర్‌లో హనీ సింగ్ ‘ఇంటర్నేషనల్ విలేజర్’ ఆల్బమ్ వచ్చింది. వాడు దాన్ని డీసీ ప్లస్ ప్లస్‌లో, అంటే హాస్టల్ అంతా ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్‌లో, షేర్‌కి పెట్టాడు. వారం తిరిగేసరికి హాస్టల్‌లో ఏ ఫ్లోర్‌కి వెళ్లినా అదే. శ్రీకాకుళం పిల్లాడు, ఆదిలాబాద్ పిల్లాడు, బిహార్ పిల్లాడు అందరూ ఒకే చోట ఒకే తప్పు ఉచ్చారణతో పాడేవాళ్లు.

ఒక రాత్రి పాజీని అడిగా, ఇందులో ఏమంటున్నాడ్రా అని. వాడు మ్యాగీ గిన్నె పక్కన పెట్టి చెప్పాడు: “అమ్మాయిలూ మత్తు కొట్టకండి, జడతో ఆటలాడకండి అని సుద్దులు చెబుతున్నాడు.” పడీపడీ నవ్వాం. అమ్మాయిలకు సుద్దులు చెప్పిన ఇదే మనిషి 2014లో నాలుగు సీసాల వోడ్కా తన రోజువారీ పని అని పాడాడనుకోండి, అది వేరే సంగతి. తర్వాత నేను ఇంకో పాట పెట్టి దీనిదో అన్నా. వాడు రెండు లైన్లు విన్నాడు. “వదిలెయ్ యార్” అన్నాడు. వాడి ముఖంలో సిగ్గు లాంటిదేదో కనపడింది. నేను వదిలేశా.

నా గొడవంతా ఆ వదిలెయ్యడం దగ్గరే ఉంది.

ముందు హనీ సింగ్‌కి ఇవ్వాల్సింది ఇచ్చేద్దాం. హిర్దేశ్ సింగ్, 1983 మార్చి 15న హోషియార్‌పూర్‌లో పుట్టాడు, పెరిగింది ఢిల్లీలో. దేశానికి ముఖం తెలియకముందు అతను ఇంకొకళ్ల పాటలకు మ్యూజిక్ చేసిన మనిషి. ఇప్పుడు స్టేడియాలు నింపుతున్న దిల్జీత్ దోసాంజ్ 2009లో తెచ్చిన ‘ది నెక్స్ట్ లెవెల్’ ఆల్బమ్‌కి సంగీతం హనీ సింగ్‌దే. 2011లో దిల్జీత్ సినిమాకు చేసిన ‘లక్ 28 కుడీ దా’ కూడా. అంటే పాటగాడి కంటే ముందు పనివాడు. పంజాబ్‌లో మన దగ్గరలా కాదు. మనకు పాట అంటే సినిమా. సంగీత దర్శకుడు వేరు, రాసేవాడు వేరు, పాడేవాడు వేరు, తెర మీద ఆడే హీరో వేరు. అక్కడ పాటగాడే హీరో. సినిమా లేకుండానే ఆల్బమ్, వీడియో, కంపెనీ, పెళ్లిళ్ల షోలు అన్నీ నడిచిపోతాయి. ఆ బజారులో ఒకే మనిషి బీటు కట్టి, మాట రాసి, ర్యాప్ చేసి, వీడియోలో కళ్లద్దాలు పెట్టుకుని నిలబడితే లెక్క మారిపోయింది.

పంజాబీ ర్యాప్‌ని ఇతనే కనిపెట్టాడని కొట్లాడేవాళ్లకు చిన్న మనవి. కరాచీలో పుట్టి కాలిఫోర్నియా చేరిన బొహీమియా 2002లోనే పంజాబీలో ర్యాప్ ఆల్బమ్ తెచ్చాడు. దానికంటే ముందే ఇంగ్లండ్‌లో పంజాబీ ఎంసీ అనే సంగీతకారుడు తుంబీ అనే ఒంటితీగ వాయిద్యాన్ని, అమెరికా టీవీ సీరియల్ ట్యూన్‌ని కలిపి కట్టిన పాట తర్వాత ప్రపంచం మొత్తాన్ని ఆడించింది. బొహీమియా పాటల్లో పరాయి దేశంలో బతుకు బరువు ఉంటుంది. హనీ సింగ్ ఆ బరువు దించేశాడు. దించేసి కారెక్కించి, పార్టీకి తీసుకెళ్లాడు. కనిపెట్టలేదు, ఊరూరికీ చేర్చాడు. చేర్చడం చిన్న పనేం కాదు.

ఆ చేర్చే పనితనం ఎక్కడుందో నాకు డీజే బాక్సుల పక్కన నిలబడి తెలిసింది. ఫంక్షన్ హాల్లో ఇంతసేపూ మోగుతున్న బాక్సులు ఒక్కసారి ఆగుతాయి. మూగబోయిన ఆ క్షణంలో ఆ పేరొక్కటే వస్తుంది, యో యో హనీ సింగ్ అని. కూర్చున్నవాళ్లు కుర్చీలు జరుపుతారు. అప్పుడు కింద నుంచి బేస్ పడుతుంది. నేల నుంచి మోకాలికి, మోకాలి నుంచి పొట్టలోకి. దాని మీద సన్నగా తుంబీ, ఒకటే తీగ, అదే నాలుగు స్వరాలు తిప్పి తిప్పి. గొంతు మీద ఆటోట్యూన్. హడావుడి ఉండదు, పాట మెల్లగానే నడుస్తుంది. అందుకే డాన్స్ రానివాడు కూడా ఆడగలడు. మన తీన్‌మార్‌లో కాళ్లకు పని ఎక్కువ, ఇందులో భుజాలు ఊపితే చాలు. బట్టతల బాబాయ్‌ల కోసం ఇంత ఆలోచించిన సంగీత దర్శకుడు ఈ దేశంలో ఇంకొకడు లేడు, నేను పందెం కాస్తా.

మాట అక్కర్లేని పాట కట్టడం అంటే అదీ. పంజాబీ రాని మనకు ఆ పాట పూర్తిగా చేరింది. పోయింది అర్థమొక్కటే. ఆ పోయినదాన్ని అడ్డం పెట్టుకునే మనం ఇన్నేళ్లు బతికాం.

బొంబాయి వెంటనే పసిగట్టింది. 2012లో ‘కాక్‌టెయిల్’ సినిమా వాళ్లు ‘ఇంటర్నేషనల్ విలేజర్’లోని ‘అంగ్రేజీ బీట్’ని అలాగే ఎత్తి పెట్టుకున్నారు. 2013లో ‘చెన్నై ఎక్స్‌ప్రెస్’కి సంగీతం విశాల్-శేఖర్‌ది అయినా జనం నోట మిగిలింది ఇతను బయటి నుంచి వచ్చి కట్టిన ‘లుంగీ డాన్స్’. రజనీకాంత్‌కి నమస్కారం అన్నారు. సరే. దక్షిణం అంటే లుంగీ, కొబ్బరినూనె అనే వాళ్ల అజ్ఞానానికి మనమే విజిల్ వేశాం, నేనూ వేశా. సరదా ఏంటంటే, పదేళ్లు తిరిగాక ఒక సల్మాన్ సినిమాలో వెంకటేశ్, రామ్ చరణ్‌లతో లుంగీ కట్టించి ‘ఏంటమ్మా’ అని పాట పెడితే, అందులో ర్యాప్ చేసింది రఫ్తార్. హనీ సింగ్ పాత జట్టు మాఫియా ముండీర్ మనిషి. అసలు పేరు దిలిన్ నాయర్, మలయాళీ! ఆ జట్టులో బాద్‌షా కూడా ఉండేవాడు. ఏ పాట ఎవరు రాశారన్న దగ్గర చెడింది. 2024లో డెహ్రాడూన్ స్టేజీ మీద బాద్‌షా ఇక పాత పగలు వదిలేస్తున్నా అన్నాడు. దాయాదుల గొడవ, మనకెందుకు.

ఇప్పుడు చేదు ముక్క. 2012 డిసెంబర్‌లో ఢిల్లీ బస్సులో ఆ ఘోరం జరిగింది. దేశమంతా రోడ్డెక్కింది. అప్పుడు జనం తమ ఫోన్లలో ఉన్న పాటల్ని మొదటిసారి మాటమాటగా విన్నారు. అతని పేరు మీద తిరుగుతున్న ఒక అత్యాచారపు పాట బయటకొచ్చింది. సంతకాల ఉద్యమం నడిచింది, గుర్గావ్ హోటల్లో కొత్త సంవత్సరం షో రద్దయింది. ఆ పాట నాది కాదు అన్నాడు, ఇప్పటికీ అదే మాట. నాగ్‌పూర్‌లో అశ్లీల పాటల మీద ఇంకో కేసు ఏళ్లతరబడి నడిచి, 2022లో కోర్టు గొంతు నమూనా ఇమ్మనేదాకా వెళ్లింది. ఆ ఒక్క పాట సంగతి అలా ఉంచండి. తనదేనని ఒప్పుకున్న పాటల్లోనే ఆడపిల్ల ఎప్పుడూ ఒక నడుమో, ఒక రంగో, ఒక జతబూట్లో. 2019లో ‘మఖ్నా’ మాటల మీద పంజాబ్ మహిళా కమిషన్ కదిలింది. అంటే ఏడేళ్ల తర్వాత కూడా ఏమీ మారలేదు. అది మర్చిపోయి చేసిన తప్పని నేను నమ్మను. బీటులో ఒక్క దెబ్బ అటూఇటూ కానివ్వని మనిషికి మాట మీద అదుపు ఉండదా?

అయితే 2013లో మా హాస్టల్ ఏం చేసింది? జనవరిలో కొవ్వొత్తులు పట్టుకుని గేటు దాకా నడిచాం. ఫిబ్రవరిలో ఫెస్ట్ డీజే నైట్‌లో అవే పాటలకు ఎగిరాం. మధ్యలో ఒక్క నెల. పాజీ మాత్రం ఆ రోజు వెనక మెట్ల మీద కూర్చున్నాడు. వాడికి అర్థమయ్యే భాష కదా.

2014 చివరి నుంచి హనీ సింగ్ మాయమయ్యాడు. షారుఖ్ ట్రూప్‌తో అమెరికా టూర్‌లో ఉండగా ఏదో జరిగిందని, షారుఖ్ కొట్టాడని పుకార్లు. 2016 మార్చిలో తనే నోరు విప్పాడు, నాకు బైపోలార్ డిజార్డర్ అని. 2024 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘ఫేమస్’ డాక్యుమెంటరీలో ఇంకా చెప్పాడు. షారుఖ్ చెయ్యి చేసుకోలేదని, షో తప్పించుకోవాలని తల తనే గొరిగించుకున్నానని, అప్పటికీ టోపీ పెట్టుకుని స్టేజీ ఎక్కమంటే కాఫీ మగ్గుతో తన తల తనే పగలగొట్టుకున్నానని. ఆ ముక్క దగ్గర నేను పాజ్ చేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డా. అభిమానంతో కాదు. మా ఇంట్లో ఒకరు అదే జబ్బుతో మందులు మింగుతూ పదేళ్లుగా ఉద్యోగం చేస్తున్నారు. ఆ మందులకు ఒళ్లు ఎలా వస్తుందో, పొద్దున్నే చేతులు ఎలా వణుకుతాయో నాకు తెలుసు. 2018లో హనీ సింగ్ ‘మఖ్నా’ వీడియోలో లావుగా కనిపిస్తే మీమ్స్ వేసి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నా. అదొక్కటీ గుర్తొస్తే తల దించుకోవాలనిపిస్తుంది.

కానీ జబ్బుని తీసుకొచ్చి పాటల మీద కప్పకండి. ఆ పాటలు 2011, 2012లవి. జబ్బుకి దండం పెట్టి జాలిపడతా, పాటకి లెక్క అడుగుతా. 2021లో భార్య గృహహింస కేసు పెట్టింది, అతను ఆరోపణలన్నీ అబద్ధం అన్నాడు, చివరికి విడాకులతో ముగిసింది. డాక్యుమెంటరీ చూసి కళ్లు తుడుచుకున్న మా క్యాంటీన్ లెజెండ్ గాడికి ఈ సంగతి అసలు గుర్తే లేదు.

2024లో ‘గ్లోరీ’ ఆల్బమ్ వచ్చింది, ‘మిలియనేర్’ మోగింది, 2025 ఫిబ్రవరి నుంచి దేశమంతా టూర్. పని పోలేదు, చెయ్యి అలాగే ఉంది. మార్చిలో ఇంకో పాట మీద ఢిల్లీ హైకోర్టు ముందుకి పిల్ వచ్చింది. అందులోని భోజ్‌పురి మాటలు అసభ్యంగా ఉన్నాయని. కోర్టు దాన్ని తీసుకోలేదు గానీ ఒక మాట అంది. భోజ్‌పురి అశ్లీలం అనకండి, అశ్లీలం ఏ భాషలోనైనా అశ్లీలమే అని. సరిగ్గా అదే మార్చిలో మన తెలంగాణ మహిళా కమిషన్ తెలుగు సినిమా పాటల్లో స్టెప్పులు అసభ్యంగా ఉంటున్నాయని హెచ్చరిక జారీ చేసింది.

అంతకు నాలుగు నెలల ముందు ఇదే రాష్ట్రంలో దిల్జీత్ షోకి నోటీసు వెళ్లింది, మందు, డ్రగ్స్, హింస మీద పాటలు వద్దని. ఫిర్యాదు చండీగఢ్ నుంచి. దిల్జీత్ తెలివైనవాడు, మందు అన్నచోట కోక్ అని పాడేసి చప్పట్లు కొట్టించుకున్నాడు. పంజాబీలో మందు అంటే మన అధికారులకు నోటీసు గుర్తొచ్చింది. మనం తెలుగులో క్వార్టర్ మీద, కల్లు ముంత మీద ఎన్ని పాటలు కట్టుకున్నామో లెక్క తీయమంటే?

మొన్న వేసవిలో హుజూరాబాద్‌లో మా చిన్నాన్న కూతురి పెళ్లయింది. పాజీ గుర్గావ్ నుంచి వచ్చాడు. ఇద్దరు పిల్లల తండ్రి ఇప్పుడు, కాస్త పొట్ట. బరాత్‌లో డీజే ఆ 2011 నాటి పాట పెట్టాడు. బాక్సులు ఆగాయి, పేరు వినపడింది, బేస్ పడింది. నాకు ఇప్పుడు దాని అర్థం తెలుసు. డాక్యుమెంటరీ చూశాక పట్టుబట్టి ప్రతి లైనూ వెతుక్కుని చదివా. అయినా నా భుజాలు కదిలాయి. మా పెద్దమ్మ, డెబ్బై ఏళ్ల మనిషి, కొంగు నడుముకి దోపుకుని రెండు వేళ్లు గాల్లో తిప్పుతోంది. పాజీ ట్రాక్టర్ పక్కన నిలబడి నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయాడు.

తర్వాత డీజే మన పాట ఒకటి వేశాడు. పేరు చెప్పను, మీ అందరి ఫోన్లలోనూ ఉంది. పాజీ సీసా పక్కన పెట్టి ఒక్క దూకు దూకాడు. చెమటలు కారుతుండగా మా తమ్ముళ్ల మధ్య నుంచి నా దగ్గరికొచ్చి, చెవిలో అరిచాడు: “మస్తుంది బై! అర్థం ఏంటి దీనికి?”

రెండు లైన్లు విన్నా. పెద్దమ్మ పక్కనే ఉంది.

“వదిలెయ్ యార్” అన్నా.

వదిలేసి మళ్లీ గుంపులోకి పోయాడు.